పాఠకుల ప్రశ్నలు: లైవ్/డెడ్ ఎల్పీ, దాని సైడ్లు, దాని బూజు

ప్రశ్న: నమస్తే సార్. మాది ఒంగోలు, చెన్నై ఓఎమ్మార్ రోడ్డులో జాబ్. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల లైవ్/డెడ్ పాత అమెరికన్ ఎల్పీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, డబుల్ ఆల్బమ్, అంటే రెండు రికార్డులు. ఇంటికొచ్చి చూస్తే మొదటి రికార్డుకి ఒక పక్క సైడ్ 1, తిప్పితే సైడ్ 4. రెండోదానికి 2, 3. డూప్లికేట్ అంటగట్టారని ఫ్రెండ్స్ అంటున్నారు. తిరిగిచ్చెయ్యాలా?
ఒక పాఠకుడు, షోలింగనల్లూర్

జవాబు: వద్దు తమ్ముడూ, అస్సలు ఇవ్వకు. 1969 నవంబర్‌లో అమెరికాలో ఆ రికార్డు వచ్చినప్పుడు అలాగే వచ్చింది. అప్పట్లో చాలా ఇళ్లల్లో రికార్డ్ ఛేంజర్ అని ఉండేది, మధ్యలో పొడుగాటి కడ్డీ, దానిమీద రెండు మూడు ఎల్పీలు ఒకదానిమీద ఒకటి పెడితే ఒకటి అయిపోగానే పైది టప్‌మని కిందపడి దానంతటదే మొదలయ్యేది. సైడ్ 1 అవ్వగానే సైడ్ 2 పడాలంటే ఆ రెండూ వేరే వేరే రికార్డుల మీద ఉండాలి కదా, అందుకే ఈ ఏర్పాటు. రెండూ అయ్యాక మొత్తం దొంతరని ఒక్కసారి తిరగేస్తే 3, 4 వరసగా వస్తాయి. దాదాపు నలభై నిమిషాలు లేవకుండా వినొచ్చు. ఇలాంటి సంగీతానికి అది చాలా ముఖ్యం, ఎందుకో కింద అమ్మగారికి రాసిన జవాబులో చెప్తాను.

నీ టర్న్‌టేబుల్ మామూలుదే అయ్యుంటుంది, కాబట్టి ప్రతి సైడ్‌కీ లేచి రికార్డు మార్చుకోవాలి. మార్చుకో, కానీ నంబర్ల వరస మాత్రం తప్పొద్దు. లేబుల్ ఆకుపచ్చగా ఉండి డబ్ల్యూ పక్కన 7 అంకె ఉన్న గుర్తు కనిపిస్తే అది వార్నర్ బ్రదర్స్ సెవెన్ ఆర్ట్స్ కాలం నాటి ప్రెస్సింగ్, అంటే అప్పుడు అచ్చేసిన కాపీ, కాబట్టి నీ చేతిలో మంచి కాపీయే ఉంది.

ప్రశ్న: మేము డిసెంబర్ సీజన్‌లో కర్ణాటక సంగీత సభలకి వెళ్లేవాళ్లం, రాక్ సంగీతం అలవాటు లేదు. మా అల్లుడు ఇదే రికార్డు పెట్టి అత్తయ్యా కూర్చుని వినండి అన్నాడు. ఒక పక్కంతా ఒకటే పాట, ఇరవై మూడు నిమిషాలట. పాట ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు. బాలేదు అనను, కానీ ఎలా వినాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, మైలాపూర్

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న చదివి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే ఈ రికార్డు వినడానికి మీకున్నంత తయారీ రాక్ మాత్రమే వినే కుర్రాళ్లకి కూడా ఉండదు. రాగం తానం పల్లవిలో పల్లవి సాహిత్యం ఒక్క లైనే, దాని కోసమేనా మనం గంటసేపు కూర్చునేది? మీ అల్లుడు పెట్టిన ఆ ఇరవై మూడు నిమిషాల పాట, డార్క్ స్టార్, కూడా అంతే. రాబర్ట్ హంటర్ రాసిన చరణాలు రెండే. 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. అదే పాట శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ వెస్ట్ హాల్లో 1969 ఫిబ్రవరి 27 రాత్రి వాయిస్తే ఒక సైడ్ నిండిపోయింది. చాలాసేపటి దాకా గొంతే వినపడదు, కాబట్టి పాట కోసం ఎదురుచూడటం మానెయ్యండి, ఆలాపన విన్నట్టు వినండి.

వాళ్లు తిరిగే స్వరాలు ఏ మిక్సోలిడియన్ అనే మోడ్‌వి, మోడ్ అంటే వాళ్ల స్వరాల వరస. స్వరస్థానాలు లెక్కేస్తే మన హరికాంభోజి మేళమే. రాగం అనను, గమకం లేదు, సంచారం వేరు, కానీ షడ్జం ఎక్కడుందో పట్టుకున్నారంటే జెర్రీ గార్సియా గిటార్ దాన్నించి ఎంత దూరం వెళ్తోందో ఎలా తిరిగొస్తోందో మీ చెవికి తెలిసిపోతుంది. రెండోసారి పెట్టినప్పుడు గిటార్ వదిలేసి కింద ఫిల్ లెష్ బేస్ ఒక్కటే వినండి. మామూలు బ్యాండ్లలో బేస్ తాళం పట్టుకుని కూర్చుంటుంది, ఈయనది ఇంకో గాయకుడు పక్కన నిలబడి జవాబు చెప్తున్నట్టుంటుంది. ఆయన మిల్స్ కాలేజీలో లుచానో బెరియో అనే ఇటాలియన్ కంపోజర్ క్లాసులో చదివినాయన, కీబోర్డ్ వాయించిన టామ్ కాన్‌స్టాంటెన్ కూడా ఆ క్లాసే.

ఇప్పుడు మీకు నిజంగా నచ్చేది సైడ్ 2లో ఉంది. సెయింట్ స్టీఫెన్ అనే పాట అవుతూనే ద ఇలెవెన్ మొదలవుతుంది, పేరులో ఉన్నట్టే పదకొండు లెక్క, 3 3 3 2గా పడుతుంది. మన మిశ్రజాతి త్రిపుట కూడా పదకొండే అయినా విరుపు 7 2 2, కాబట్టి మన చేతి తాళం వేస్తే కుదరదు, వాళ్ల విరుపుతోనే వేళ్లు లెక్కపెట్టుకుంటూ వినండి. డ్రమ్స్ ఇద్దరు, బిల్ క్రూట్స్‌మన్, మికీ హార్ట్. ఈ మికీ హార్ట్ తబలా ఉస్తాద్ అల్లారఖా దగ్గర లయ నేర్చుకున్నాడు, ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్‌తో ఏళ్ల తరబడి వాయించాడు, 1991లో చేసిన ప్లానెట్ డ్రమ్‌లో మన చెన్నై ఘటం విక్కు వినాయక్‌రామ్ గారు కూడా ఉన్నారు, దానికి గ్రామీ వచ్చింది. అంటే మీ అల్లుడు మీకు మరీ పరాయి సంగీతమేం పెట్టలేదమ్మా.

ఇంకో మాట. ఇదంతా ఒకే రాత్రి కచేరీ కాదు. ఫిల్‌మోర్‌లో ఫిబ్రవరి 27, మార్చి 2 రాత్రుల నుంచి కొంత, జనవరి 26న అవలాన్ బాల్‌రూమ్‌లో వాయించిన దాన్నుంచి కొంత తీసి కలిపారు. కొందరికి ఇది నచ్చదు, ఒక్క రాత్రిదే కావాలంటారు, వాళ్ల కోసం ఫిబ్రవరి 27 నుంచి మార్చి 2 దాకా నాలుగు రాత్రుల ఫిల్‌మోర్ కచేరీలూ 2005లో పది సీడీలుగా వచ్చాయి. నా మటుకు ఈ కూర్పే గొప్పది. డార్క్ స్టార్ నెమ్మది నుంచి సైడ్ 3లో ఆ బ్యాండ్‌లోనే ఉన్న పిగ్‌పెన్ పాడే లవ్ లైట్ అనే పాట హుషారు దాకా ఎక్కి, సైడ్ 4లో చావు గురించిన పాత బ్లూస్ పాటలోకి దిగి, ఆ తర్వాత ఉత్త గిటార్ల హోరు, చివర్న అందరూ కలిసి పాడే చిన్న వీడ్కోలు పాట. ఆ వరసని ఎవరో బాగా ఆలోచించే పెట్టారు, అందుకే వరస తప్పొద్దని ఒంగోలు తమ్ముడికి అంత గట్టిగా చెప్పింది.

ప్రశ్న: సార్, లైవ్/డెడ్ ఒరిజినల్ ప్రెస్సింగ్ కోసం ఆగాలా, మళ్లీ అచ్చేసిన కొత్త రీఇష్యూ కొనేయాలా? నా బడ్జెట్ తక్కువ.
ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: రీఇష్యూ కొనండి, మిగిలిన డబ్బు సూదికి పెట్టండి. ఎల్పీలో ఒక సైడ్‌కి ఇరవై నిమిషాలు దాటితే గాడులు దగ్గర దగ్గరగా కొయ్యాలి, సౌండ్ లెవెల్ తగ్గించి కొయ్యాలి, దాంతో చిటపటలు పైకి తేలతాయి. పైగా అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి యాభై సెంటీమీటర్లు పరిగెడితే లోపలికొచ్చేసరికి ఇరవై చిల్లరే, అరిగిపోయిన సూది అక్కడే బరబరమంటుంది. ఇరవై మూడు నిమిషాల సైడ్‌కి ఈ రెండు కష్టాలూ ఉన్నాయి. అరిగిన ఒరిజినల్‌కి వేలు పోసేకంటే శుభ్రమైన కొత్త కాపీ, మంచి ఎలిప్టికల్ సూది (కొన కోలగా ఉండేది), ఇవి చాలు. రికార్డింగ్ మాత్రం ఏ కాపీలోనైనా అద్భుతమే, రాక్‌లో 16 ట్రాకుల మెషీన్, అంటే శబ్దాలని పదహారు వరసల్లో విడివిడిగా పట్టేది, పెట్టి తీసిన మొదటి లైవ్ ఆల్బమ్‌గా దీనికి పేరు, బాబ్ మాథ్యూస్, బెట్టీ కాంటర్ అనే ఇద్దరు రికార్డ్ చేశారు.

ప్రశ్న: వానాకాలం రాగానే మా రికార్డులకి తెల్ల బూజు పడుతోంది. తాతగారి పాత 78 ప్లేట్లూ (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఉన్నాయి. ఎలా కడగాలి?
ఒక పాఠకురాలు, కోడంబాక్కం

జవాబు: మన ఊళ్లో అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే ఈ బాధ తప్పదమ్మా. బూజు అట్ట కవర్లోంచి, లోపలి కాగితం కవర్లోంచి వస్తుంది, కాబట్టి రికార్డు ఒక్కటీ కడిగి మళ్లీ అదే కవర్లో పెడితే లాభం లేదు, లోపలి కవర్ మార్చండి. ఎల్పీలకి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే వైపే తుడవండి, అడ్డంగా వద్దు, లేబుల్ తడవనివ్వద్దు, పూర్తిగా ఆరాక నిలబెట్టి పెట్టండి. బయటి గోడకి ఆనించిన అల్మారాలో పెట్టకండి, ఆ గోడే చెమ్మ పీలుస్తుంది.

78 ప్లేట్లకి మాత్రం ఆ ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వకండి, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఎల్పీ సూదితో వాటిని వెయ్యకండి, వాటి గాడి చాలా వెడల్పు, 78కి వేరే సూది వస్తుంది, అది తెచ్చుకున్నాకే వినండి.