యోహాను చెయ్యి చూడు

బంగారూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడో మాట మీద మాట్లాడమని నీకు ఇచ్చారని, పది నిమిషాలే టైమని, చాలా టెన్షన్‌గా ఉందని రాశావు. ఒక బొమ్మ కూడా పంపించి, "అత్తా, దీన్ని తెర మీద వేసి మాట్లాడొచ్చా?" అని అడిగావు. తప్పకుండా వెయ్యి. అయితే జనం ముందు పెట్టేలోపు నువ్వు దాని ముందు బాగా కూర్చోవాలి. ఇన్నేళ్లు పిల్లలకి డ్రాయింగ్ చెప్పినదాన్ని కదా, నాకు తెలిసినంత రాస్తున్నాను.

నువ్వు పంపింది హెర్బర్ట్ ష్మాల్జ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడిది. 'కల్వరి నుంచి తిరిగి రావడం' అని పేరు, కల్వరి అంటే యేసుని సిలువ వేసిన చోటు. 1891 నాటిది. ఇంకా మంచి కాపీ కోసం వెతికితే కార్మైకేల్ అనే పేరుతో కూడా వెతుకు. తండ్రి వైపు జర్మన్ కుటుంబం కావడంతో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1918లో ఆయన తల్లి పుట్టింటి పేరు పెట్టుకున్నాడు. ఈ బొమ్మ వెయ్యడానికి ముందు, 1890లో యెరూషలేము వెళ్లాడు. అప్పటికి యొప్పే రేవు నుంచి రైలు కూడా లేదు, అది 1892లో వచ్చింది. అంత దూరం పోయి ఆ ఊరి రాళ్లనీ వెలుతురునీ కళ్లారా చూసి వచ్చాడు.

ఇప్పుడు బొమ్మ చూడు. అందరూ ముందు దూరాన ఉన్న సిలువల్ని వెతుకుతారు. నువ్వు వాటిని కాసేపు వదిలెయ్యి. మెట్లు ఎక్కుతున్న ఆ మనుషుల ఒళ్లు చూడు. ఎవరి బరువు ఎవరి మీద ఉంది? యేసు తల్లి మరియమ్మ తన కాళ్ల మీద తను నిలబడిందా, శిష్యుడు యోహాను చేతి మీద నిలబడిందా? మొహాలు తర్వాత చూడొచ్చు. నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పేదాన్ని, ఏడుపు గియ్యాలంటే కన్నీళ్లు గియ్యకండర్రా, మోకాళ్లు గియ్యండి అని.

మీ మావయ్య భూస్థాపన నీకు గుర్తుండదు, అప్పుడు నీకు నాలుగేళ్లు. సమాధుల తోట నుంచి ఇంటిదాకా మీ నాన్న నా మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మన అరుగుకి ఉన్నవి మూడే మెట్లు. గుమ్మం పక్కన ఆయన చెప్పులు పొద్దున ఉన్నచోటే ఉన్నాయి. ఆ మూడు మెట్లు నేను ఎక్కలేకపోయాను. మీ నాన్న వెనక చెయ్యి వేసి ఎక్కించాడు. ష్మాల్జ్ బొమ్మలో మెట్లు చూసినప్పుడల్లా నాకు ఆ అరుగే కనిపిస్తుంది. నువ్వు నా సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ గదిలో ఈమధ్యే అలాంటి మెట్లు ఎక్కినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లని మనసులో పెట్టుకుని మాట్లాడు, గొంతు దానంతటదే తగ్గుతుంది.

మూడో మాట మీద ప్రసంగాలన్నీ సిలువ దగ్గరే ఆగిపోతాయి. యేసు తల్లితో "యిదిగో నీ కుమారుడు", శిష్యుడితో "యిదిగో నీ తల్లి" అన్నదాకా చెప్పి, తల్లిదండ్రుల్ని చూసుకోవాలని నాలుగు మాటలు కలిపి దిగిపోతారు. నువ్వు దాని తర్వాతి వాక్యం పట్టుకో. "ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను." అంతే ఉంది. ఎలా తీసుకెళ్లాడో, దారిలో ఆమె ఎన్నిసార్లు ఆగిందో, ఆ రాత్రి ఎవరైనా తిన్నారో లేదో యోహాను ఒక్క ముక్క రాయలేదు. ఆ రాయని దారినే ష్మాల్జ్ గీశాడు.

మీ లండన్‌లోనే ఇంకో బొమ్మ ఉంది. విలియం డైస్ అనే స్కాట్లండ్ ఆయన, అబర్డీన్‌లో పుట్టినవాడు, ఇదే సంగతి వేశాడు. 1844లో మొదలుపెట్టినది 1860లో గానీ పూర్తికాలేదు. టేట్ బ్రిటన్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. వెళ్లేముందు గోడ మీద పెట్టారో లేదో వాళ్ల సైట్‌లో చూసుకో, చాలా బొమ్మలు లోపలే ఉంచుతారు. ఉంటే ఒక్కదానివే వెళ్లు, ఫోన్ బ్యాగులో పెట్టి పావుగంట నిలబడు. డైస్ బొమ్మలో యోహాను మరియమ్మని సమాధి దగ్గర నుంచి తీసుకెళ్తుంటాడు. ష్మాల్జ్ బొమ్మలో కల్వరి నుంచి. ఈ తేడా చిన్నది కాదు. సమాధి ఎక్కడో చూసిన స్త్రీలని సువార్తలు చెప్పేటప్పుడు యేసు తల్లి అని ఎక్కడా రాయలేదు. కాబట్టి వాక్యంలో ఉన్నదేదో, చిత్రకారుడు ఊహించి కలిపిందేదో విడదీసి చెప్పు. పెద్దవాళ్లు ఎవరైనా అడిగితే తడబడవు.

ఇంకోటి. ఈ బొమ్మలు వచ్చినప్పటి ఇంగ్లండులో దుఃఖం బట్టల్లోనే కనిపించేది. భర్త పోయిన ఆవిడ నల్ల క్రేప్ బట్ట కట్టేది, విట్బీ ఊళ్లో దొరికే నల్లరాయి నగలు పెట్టుకునేది, నల్ల అంచు కాగితం మీద ఉత్తరాలు రాసేది. విక్టోరియా రాణి 1861లో భర్త పోయాక 1901లో తను పోయేదాకా నలుపు విడవలేదు. అలాంటి ఆడవాళ్లే ష్మాల్జ్ బొమ్మ ముందు నిలబడ్డారు. ఇదంతా పది నిమిషాల్లో ఇరికించకు. నీకు తెలిసి ఉంటే చాలు.

తెర మీద వేసేటప్పుడు మొదట బొమ్మంతా చూపించకు. యోహాను, మరియమ్మ ఉన్న భాగం ఒక్కటే కత్తిరించి పెట్టు. వాక్యం చదువు. చదివాక ఒక నిమిషం ఏమీ మాట్లాడకు, చాలా పొడుగ్గా అనిపిస్తుంది గానీ భయపడకు. తర్వాత మొత్తం బొమ్మ వెయ్యి. అప్పుడు దూరాన ఉన్న సిలువలు వాళ్లే చూస్తారు.

రాసుకున్నాక ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపించు. మీ నాన్నని కూడా పక్కన కూర్చోబెడతాను.

మీ అత్త