గినీపిగ్గుల్ని కలిపే ముందు ఒక్కసారి ఇది చదువు

అమ్మలూ,

నిన్న మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే "ఆడా మగా జత ఇచ్చారు పిన్నీ, పిల్లలు పెడతాయట" అని వెనకనుంచి నువ్వు అరవడం వినిపించింది. శ్రీకాకుళంలో కొన్నావట కదా. పిల్లల సంగతి తర్వాత, ముందు వాటిని వేరువేరుగా ఉంచి ఈ ఉత్తరం చదువు.

నాకు విజయనగరంలో ఒక షాపువాళ్లు రెండూ ఆడవేనని చెప్పి ఇచ్చారు. సిరిమానోత్సవం వారంలో తెచ్చిన రెండు ఉగాదికి తొమ్మిదయ్యాయి. అందుకే ఎవరి మాటా నమ్మకు, నువ్వే తిప్పి చూసుకో. ఆడదానికి ఇంగ్లీషు వై అక్షరంలా చీలిక ఉంటుంది. మగదానికి చుక్కలా ఉంటుంది, దాని పైన వేలితో మెత్తగా నొక్కితే అంగం బయటికొస్తుంది.

తర్వాత వయసు. ఆడదానికి మొదటి కాన్పు ఆరేడు నెలల లోపే అయిపోవాలి, లేదంటే కటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోయి పిల్ల బయటికి రాలేదు. నా దగ్గర గోధుమరంగుది ఒకటి ఉండేది, ఎనిమిది నెలలు దాటాక నేను చూసుకోక మగదానితో కలిసింది, కాన్పు రోజు రాత్రంతా మూలన ముడుచుకుని నొప్పులు పడి తెల్లారేసరికి నా అరచేతిలోనే పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. నీదాని వయసు ఖాయంగా తెలియకపోతే అసలు కలపకు. తెలిస్తే నాలుగైదు నెలలప్పుడు కలుపు, అదీ గరివిడి వెటర్నరీ కాలేజీకి వెళ్లి, ఆపరేషన్ అవసరమైతే ఎవరు చేస్తారో ముందే కనుక్కున్నాక.

మోసేది 59 నుంచి 72 రోజులు. చివర్లో పొట్ట రెండు పక్కలా సంచులు కట్టినట్టు ఉబ్బుతుంది, అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచితే లోపల పిల్లలు తన్నడం తెలుస్తుంది, నొక్కకు మాత్రం. పొట్ట కనబడగానే మగదాన్ని తీసెయ్, ఎందుకంటే కాన్పయిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కడుతుంది. ఎలుక పిల్లల్లా కాదు ఇవి, ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుట్టి ఆ రోజే పరుగులు పెడతాయి. చూస్తే ముద్దొస్తాయి. ఇంకో వారం తల్లి పాలు తాగనిద్దాం అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకున్నాను. వద్దు, 21వ రోజుకి మగపిల్లల్ని వేరు చెయ్యి, ఆలస్యమైతే తల్లినీ చెల్లెళ్లనీ కూడా చూలు చేస్తాయి.

గుంపుగా ఉంచాలంటే తల్లీ కూతుళ్లు, అక్కచెల్లెళ్లు చక్కగా సర్దుకుంటాయి. మగవి రెండైతే పర్వాలేదు, ఆడ వాసన తగలకుండా వేరే గదిలో పెట్టాలి. మూడో మగది మాత్రం వద్దు. కొత్తదాన్ని కలిపేటప్పుడు తిన్నగా పాత గూట్లో వదలకు, రెండింటికీ కొత్తయిన చోట ఉతికిన దుప్పటి పరిచి, గడ్డి కుప్పలుగా వేసి వదులు. గుర్రుమంటూ ఊగుతూ తిరిగితే కంగారు పడకు, పెద్దరికం తేల్చుకుంటున్నాయి. ఎదురెదురుగా నిలబడి పళ్లు పటపటలాడిస్తే మాత్రం మధ్యలో అట్టముక్క పెట్టు, చెయ్యి పెట్టకు, కండ ఊడొచ్చేలా కొరుకుతాయి. రెండింటికి కనీసం 7, 8 చదరపు అడుగుల చోటు కావాలి, కింద వైరు జాలీ వద్దు, పాదాలు పుండ్లు పడతాయి. దాక్కునే అట్టపెట్టెకి రెండు వైపులా దారి కొయ్యి, లేకపోతే పెద్దది అడ్డంగా కూర్చుని చిన్నదాన్ని బయటికి రానివ్వదు.

తిండికి గరిక రోజూ కావాలి, మందు కొట్టిన పొలం గట్ల మీదది తేకు. సి విటమిన్ వాటి ఒంట్లో తయారవదు, కాబట్టి కొత్తిమీరో కాప్సికమో రోజూ పెట్టు, అప్పుడప్పుడు చిన్న జామముక్క. ఉల్లి, వెల్లుల్లి పెట్టొద్దు. వేసవిలో మన ఉక్కకి తట్టుకోలేవు, గూటి పక్కన తడి గోనెసంచి వేలాడదీసి, పగిలిన కుండపెంకు ఒకటి లోపల పెట్టు, దాని మీద పడుకుంటాయి.

ఆదివారం వస్తున్నాను. మా వంటింటి కాటా కూడా తెస్తాను, రెండింటి బరువూ చూద్దాం. అప్పటిదాకా కలపకు.

మీ పిన్ని