బొమ్మ కళ్ల విషయమై పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

చి. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సెలవుల్లో బాబు చేత మట్టితో, ఆకులతో, గింజలతో బొమ్మలు చేయించబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఇంటి పనీ ఆఫీసు పనీ చూసుకుంటూ, పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చేతులు మట్టి చేసుకునే ఓపిక నీకుందంటే నాకు గర్వంగా ఉంది. అంతలోనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. బొమ్మల కళ్ల కోసం బాబు ఎర్ర గింజలు ఏరి డబ్బాలో దాచుకున్నాడట. అది విన్నప్పటినుంచి ఒకటే టెన్షన్. పాపది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు కదా.

ముందు ఆ డబ్బా తెరిచి చూడు. గింజలు ఎర్రగా మెరుస్తూ ఒక పక్క నల్లమచ్చ ఉంటే అవి గురివిందలే. ఇంట్లోంచి తీసెయ్. మంచం కిందా, బాబు జేబుల్లోనూ కూడా వెతుకు.

ఎందుకింత కంగారంటే, ఈ సంగతి నీకు గుర్తుండే వయసు కాదు. అప్పుడు నీకు ఏడాదిన్నర. మీ అన్నయ్య తాతయ్య పక్కన కూర్చుని మట్టితో ఎద్దును చేశాడు. ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి. అదంటే వాడికి ప్రాణం. దానికి కళ్లు కావాలన్నాడు. తాతయ్య గురివింద గింజలు తెచ్చి, సన్నటి తీగకు గుచ్చి నిలబెడదామని, సూది కాల్చి ఒక్కో గింజకూ బెజ్జం పెట్టారు. కొంప ముంచింది ఆ బెజ్జమే. గురివింద పైపొర చాలా గట్టిది. పగలని గింజ మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. లోపలుండేది అబ్రిన్ అనే విషం. గింజ నమిలినా, దానికి బెజ్జం పడినా ఆ విషం ఒంట్లోకి దిగుతుంది. మట్టేమో ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, గింజ కుంచించుకోదు. కంటి చుట్టూ మట్టి పగిలి గింజ రాలింది. నువ్వు దాన్ని తీసుకుని నమిలావు.

సాయంత్రం దాకా బాగానే ఆడుకున్నావు. ఏమీ కాలేదులే అని అందరూ ఊరుకున్నారు. రాత్రి వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి విరేచనంలో నెత్తురు. ఈ విషానికి విరుగుడు లేదనీ, ఒంట్లో నీరు తగ్గిపోకుండా సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉండటమేననీ డాక్టరు చెప్పారు. మీ అమ్మ నీ మంచం పక్కనుంచి కదల్లేదు. ఈ విషం లక్షణాలు కొన్ని గంటలకు గానీ బయటపడవు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా పడుతుంది. అందుకని పాప ఏదైనా గింజ నమిలిందని అనుమానం వస్తే చాలు, చూద్దాంలే అని ఆగకు. ఇంట్లో వాంతి చేయించకు. అలాంటి గింజ ఇంకొకటి చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తు.

నువ్వు కోలుకున్నావు. ఇంటికొచ్చాక ఆ ఎద్దును మనవాళ్లే ఒకరు కోపంతో నేలకేసి కొట్టారు. మీ అన్నయ్యను ఎవరూ తిట్టలేదు, దగ్గరకూ తీసుకోలేదు. చెల్లికి తన వల్లే ఇలా అయిందనుకుని వాడు లోపల్లోపల కుమిలిపోయాడు. గింజ తెచ్చిందీ బెజ్జం పెట్టిందీ పెద్దవాళ్లు, శిక్ష పడింది మాత్రం వాడికి. ఆ తర్వాత వాడు మట్టి ముట్టలేదు. కాబట్టి డబ్బా తీసేసేటప్పుడు బాబును కసిరావంటే నేనూరుకోను. "ఇవి విషపు గింజలు, నీకు తెలియదు కదా నాన్నా, వేరే కళ్లు పెడదాం రా" అని చెప్పు. వాడి ఎదురుగానే, వాడికి అర్థమయ్యేలా చెప్పు.

ఆముదం గింజలూ అంతే, గురివిందల లాంటి విషమే. ఉమ్మెత్త కాయలు, గన్నేరు ఆకులూ పుల్లలూ కూడా వద్దు. గన్నేరు ఎండినా దాని విషం పోదు. సీతాఫలం గింజల్ని దంచనివ్వకు, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టం ఒకటి వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చు. అంటే విషం లేని చింతపిక్క కూడా పాపకు ప్రమాదమే. గింజలతో పని పాప నిద్రపోయాకే పెట్టుకోండి. లేచేలోపు నేల ఊడ్చెయ్.

మట్టి బొమ్మకు కళ్లు పుల్లతో గుచ్చితే చాలు, ఆ గుంటల్లో నీడ పడి చూపు వచ్చేస్తుంది. ఆకు బొమ్మకైతే బొగ్గుతో చుక్క పెట్టుకోవచ్చు.

ఇక మిగతా పని తేలికే. మట్టిలో రాళ్లు ఏరి బాగా పిసకండి. బొమ్మ లోపల పుల్ల పెట్టొద్దు, గింజ చుట్టూ పగిలినట్టే ఆరేటప్పుడు పుల్ల చుట్టూ కూడా మట్టి పగులుతుంది. తలా చేతులూ అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, పలచగా కలిపిన మట్టి పూసి నొక్కాలి. నీడలో, తడిగుడ్డ కప్పి నిదానంగా ఆరనివ్వండి. కాల్చని మట్టి నీళ్లలో కరిగిపోతుందని బాబుకు ముందే చెప్పు, లేకపోతే వాడు బొమ్మకు స్నానం చేయించి ఏడుస్తాడు.

మొక్కజొన్న పొత్తు మీది పొరలతో బొమ్మ వాడికి బాగా కుదురుతుంది. ఎండు పొరల్ని పావుగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే మెత్తబడతాయి. నాలుగు పొరలు కలిపి పైన దారంతో కట్టి, తిరగేసి కిందికి లాగి, మెడ దగ్గర మళ్లీ కడితే తల వస్తుంది. సన్నటి పొరను చుట్టి అడ్డంగా దూరిస్తే అవే చేతులు. ఆరాక పొరలు సన్నబడి ముడి వదులవుతుంది, కాబట్టి బిగించి కట్టు. తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది.

అన్న చేతిలో బొమ్మ చూసి పాప ఊరుకోదు. దాని కోసం మెత్తటి నూలుగుడ్డలో దూది కూరి ఒక బొమ్మ కుట్టు. కళ్లు దారంతోనే కుట్టు, గుండీలు వద్దు. ఆ కళ్లు ఎక్కడుండాలో బాబునే బొగ్గుతో గుర్తు పెట్టమను. డబ్బాలో ఏమున్నాయో చూసి ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ