అత్తయ్యకి మళ్ళీ తెలివొస్తే ఏం చేయాలంటే

శిరీషా, మీ అత్తయ్య మతిమరుపు జబ్బుతో ఇన్నాళ్ళుగా ఎవర్నీ గుర్తుపట్టని మనిషి ఉన్నట్టుండి నిన్ను పేరుపెట్టి పిలిచి పెరుగు పుల్లగా ఉందే అన్నారని చెప్పావు కదా, అప్పట్నుంచి నాకు ఇదే ఆలోచన.

మళ్ళీ అలా జరిగితే చేతిలో పని వదిలేసి పక్కన కూర్చో తల్లీ. నేనెవర్ని, ఇవాళ ఏ వారం అని పరీక్షలు పెట్టకు, దాంతో కంగారుపడిపోతారు. ఆవిడ ఏం అడిగితే దానికే జవాబు చెప్పు. నల్లకుంట ఇంట్లో మా అమ్మ మాటే పోయాక ఒక మధ్యాహ్నం లేచి కూర్చుని ఆవకాయ జాడీకి గుడ్డ కట్టావా అనడిగింది, కట్టానమ్మా అన్నాను, ఉప్పు సరిపోయిందా అంది, అలా ఆ జాడీ గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం, నాకు అదే చాలు. మీ ఆయన గచ్చిబౌలి నుంచి ఆ ట్రాఫిక్‌లో వచ్చేదాకా ఆగకు, వెంటనే వీడియో కాల్ కలిపి కొడుకు మొహం చూపించు.

చుట్టాలు ఆరిపోయే ముందు దీపం అంటారు, భయపడకు. 2009లో మైకేల్ నామ్ అనే జర్మన్ సైంటిస్ట్ దీనికి టెర్మినల్ లూసిడిటీ, అంటే ఆఖర్లో వచ్చే తెలివి, అని పేరు పెట్టాడు, ఆయన పోగేసిన కేసులే చావుకి ముందు జరిగినవి, అందుకే ఎక్కువ భాగం ఆఖరి వారంలోవే ఉన్నాయి. చాలా ముందే ఇలా తెలివొచ్చి మళ్ళీ మామూలైపోయినవాళ్ళూ ఉన్నారు. ఎందుకొస్తుందో డాక్టర్లకి కూడా ఇంకా తేలలేదు.

నయమైపోయిందనుకుని మందులు మాత్రం ఆపొద్దు. పూరీ కావాలన్నా మెత్తగా నలిపి, కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగానే పెట్టు, గొంతుకి అడ్డం పడితే చాలా ప్రమాదం. ఇంకోటి, బాగున్నారు కదా సంతకాలు పెట్టించేయండి అని ఎవరో ఒకరు అంటారు చూడు, 1925 వారసత్వ చట్టంలో మతి సరిగ్గా ఉన్న సమయంలో వీలునామా రాయొచ్చని ఉందిగానీ అప్పుడు మతి బాగానే ఉందని రేపు కోర్టులో చూపించగలగాలి, డాక్టరూ లాయరూ లేకుండా కాగితాలు తీయనివ్వకు. ఆవిడ మాట్లాడే ఆ కాసేపు కాగితాలతో గడిచిపోవడం నాకైతే అస్సలు ఇష్టం లేదు.

మర్నాడు మళ్ళీ గుర్తుపట్టకపోతే నువ్వేదో తప్పు చేశావనుకోకు. కానీ ఒక్కసారిగా మగతగా అయిపోయినా, జ్వరం ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా జబ్బే కదా అని ఊరుకోవద్దు, యూరిన్ ఇన్ఫెక్షన్‌తో కూడా అలా అవుతుంది, ఆ రోజే డాక్టర్‌కి చూపించు. ఆదివారం నేను వస్తా, ఆ పూట నువ్వు కాస్త పడుకో.

మీ పెద్దమ్మ