ల్యాప్‌టాప్ బరువు దించబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న షాపు తెరిచాక చూశాను. "మామయ్యా, స్లిమ్ విండోస్ ఐఎస్‌ఓ ఒకటి దొరికింది, 4 జీబీ ర్యామ్‌లో కూడా పరిగెడుతుందట, వేసెయ్యనా?" అన్నావు. అంటే ఎవరో కొన్ని భాగాలు తీసేసి నెట్‌లో పెట్టిన విండోస్ ఎక్కించే ఫైలు. వెయ్యకు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కూర్చుని రాస్తున్నాను.

ముందు నా ఘనకార్యం ఒకటి విను. 2007లో తెనాలిలో నా నెట్ సెంటర్లో ఆరు సిస్టమ్‌లు, ఒక్కోదానికి 256 ఎంబీ ర్యామ్, అన్నిట్లో విండోస్ ఎక్స్‌పీ. అప్పట్లో ఎన్‌లైట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. ఎక్స్‌పీ సీడీలోంచి మనకి అక్కర్లేనివి ఏరేసి, మిగిలినదాంతో కొత్త సీడీ రాసుకోవచ్చు. ఒక శనివారం రాత్రంతా దాని ముందు కూర్చున్నాను. ఫ్యాక్స్ మనకెందుకు, తీసెయ్. వేరే భాషల సామాను ఎందుకు, తీసెయ్. ప్రింటర్ సంగతా? ప్రింటర్ ఉన్నది కౌంటర్ సిస్టమ్‌కి ఒక్కదానికే కదా, మిగతా అయిదింటికీ దండగ, తీసెయ్. తెల్లారేసరికి ఆరింటికీ ఎక్కించాను. స్విచ్ నొక్కడం ఆలస్యం, లేచి కూర్చునేవి. నా అంతటివాడు లేడనుకున్నాను.

ఆ వారంలోనే ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. మెట్ల కింద దాకా పిల్లలు, వాళ్ళ నాన్నలు. మొదటి కుర్రాడి మార్కులు తెర మీదకి తెచ్చి ప్రింట్ నొక్కాను. కదలదు. కౌంటర్ సిస్టమ్‌కి కూడా ఆ సీడీయే వేశానన్న సంగతి అప్పుడు తట్టింది. ప్రింటు పనుల్ని వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే ప్రింట్ స్పూలర్ అనే సర్వీసే అందులో లేదు, ప్రింటర్‌ని మళ్ళీ ఎక్కించుకోమన్నా ఎక్కించుకోదు. ఆ రోజంతా తెల్లకాగితాల మీద చేత్తో మార్కులు రాసిచ్చాను. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఒక మాస్టారు వచ్చి తెలుగు బ్లాగు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు. నేను తీసేసిన "వేరే భాషల్లో" తెలుగు కూడా ఉంది మరి.

అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. తిరిగి పెట్టుకోగలిగినదాన్నే తీస్తాను, అదీ ఒక్కొక్కటిగా, నోట్‌బుక్‌లో రాసుకుని. ఇవాళ ఒకటి తీస్తే రెండు రోజులు వాడి చూస్తాను.

నీకు దొరికిన ఐఎస్‌ఓలో ఇది కుదరదు. ఎవరో ఏం తీశారో తెలియదు, అంతకంటే ముఖ్యం, ఏం కలిపారో తెలియదు. దాంట్లోనే రేపు బ్యాంకు పాస్‌వర్డు కొడతావు. అందరూ మోసగాళ్ళని అనను. టైనీ11 లాంటి బరువు తగ్గించిన విండోస్‌లకి, వాటిని తయారుచేసే స్క్రిప్టు బయటే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు ఐఎస్‌ఓ మీద మనమే నడుపుకోవచ్చు. అయినా అందులో కోర్ అనే రకానికి ఆ తర్వాత అప్‌డేట్లు ఎక్కవు. పరీక్షగా చూసుకోవడానికే తప్ప రోజూ వాడడానికి కాదని చేసినవాళ్ళే చెబుతారు. వీడియోల వాళ్ళు ఆ ముక్క మింగేస్తారు.

ఇక నీ ల్యాప్‌టాప్. అది ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉంది కాబట్టే విండోస్ 11 ఎక్కింది. 11కి కంపెనీ చెప్పే కనీస ర్యామ్ 4 జీబీ. కనీసం అంటే బతికి ఉండడానికి సరిపోయేది, పని చెయ్యడానికి కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది గనుక వెనక్కి వెళ్ళమనను.

అసలు జబ్బు వేరే ఉందని నా అనుమానం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూడు. నువ్వేమీ చెయ్యకపోయినా 100 శాతం దగ్గర అతుక్కుపోయి, పక్కన హెచ్‌డీడీ అని ఉంటే, సాఫ్ట్‌వేర్ ఎంత చెక్కినా లాభం లేదు. అది లోపల పళ్ళెంలా తిరిగే పాతరకం డిస్కు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అంటే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో 4 జీబీ ర్యామ్ ఒకటి కొను. నెల్లాళ్ళు రాత్రిళ్ళు మేలుకుని సాధించలేనిది ఆ రెండూ అరగంటలో సాధిస్తాయి. రిపేరు షాపువాణ్ణి కాబట్టి అలాగే అంటాననుకోకు, నీ దగ్గర కూలి తీసుకోనులే.

ఎస్‌ఎస్‌డీ వేశాక పాతదాన్ని ఉన్నదున్నట్టు అందులోకి కాపీ (క్లోన్) చెయ్యకు, కొత్తగా ఎక్కించు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ దొరుకుతుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కనక నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. ఆ ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్, రోజుకోసారి పైకొచ్చి రెన్యూ చెయ్యమని ఏడ్చేది, అది ఈ దెబ్బతోనే పోతుంది. విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. యాంటీవైరస్‌లు రెండు పెట్టుకోవడమంటే ఒకే గుమ్మానికి ఇద్దరు వాచ్‌మన్లు, వాళ్ళలో వాళ్ళకే తగువు.

ఇదంతా మొదలుపెట్టే ముందు వన్‌డ్రైవ్, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ, సంగతి తేల్చు. ఇక్కడ జాగ్రత్తగా చదువు. నీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ బ్యాకప్‌లో ఉంటే, ఆ ఫైళ్ళు నిజానికి వన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఉంటాయి. కొన్ని డిస్కు మీద ఉండవు కూడా. పేరు పక్కన నీలం మబ్బు బొమ్మ ఉంటే అది క్లౌడ్‌లోనే ఉందని అర్థం. కాబట్టి ముందు కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచు అన్న మాట ఎంచుకో. మబ్బులన్నీ ఆకుపచ్చ టిక్కులయ్యేదాకా ఆగు. అప్పుడు బయటి డిస్కుకి కాపీ చేసుకుని, ఆ కాపీలో ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూడు. ఆ తర్వాతే బ్యాకప్ ఆపడం, అన్‌లింక్ చెయ్యడం, వద్దనుకుంటే వన్‌డ్రైవ్‌నే తీసెయ్యడం. ఈ వరస తప్పితే డెస్క్‌టాప్ ఖాళీగా కనపడి గుండె జారిపోతుంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడి) ఉంటే, దాన్ని తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు, కాగితం మీద రాసుకో. ఫోన్‌లో ఫోటో తీశానని చెప్పకు.

కొత్తది ఎక్కాక తీసుడు పని సులువే. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. పేరు పక్కన మూడు చుక్కలు, అన్‌ఇన్‌స్టాల్. ఆటలు, న్యూస్, అక్కర్లేకపోతే టీమ్స్, కోపైలట్, ఏవైనా తియ్యి, కావాలంటే స్టోర్‌లో మళ్ళీ దొరుకుతాయి. స్టోర్‌ని మాత్రం తియ్యకు. ఎడ్జ్ బ్రౌజర్ మన దగ్గర మామూలుగా పోదు. యూరప్ వాళ్ళకి అక్కడి చట్టం పుణ్యమా అని ఆ వీలుంది. స్క్రిప్టులతో పీకితే, ఎడ్జ్ ఇంజిన్ మీద నడిచే వెబ్‌వ్యూ కూడా దెబ్బతిని, దాని మీద ఆధారపడే వేరే యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. వాడకుండా వదిలెయ్, అంతే.

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ ఉంటుంది. అక్కడ డిసేబుల్ చేస్తే యాప్ పోదు, తనంతట తాను లేవడం మానేస్తుంది. నాకు నచ్చేది ఇదే, ఎప్పుడైనా వెనక్కి తిప్పుకోవచ్చు. తెలిసిన పేర్లు ఆపు. టచ్‌ప్యాడ్, ఆడియో, గ్రాఫిక్స్ పేర్లు కనిపిస్తే వదిలెయ్. టాస్క్‌బార్ మీద విడ్జెట్స్ కూడా ఆపు, అది కనపడకుండానే ర్యామ్ తింటూ ఉంటుంది.

స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తుడిచేటప్పుడు ఆ పట్టీలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. టెంపరరీ అన్న మాట నమ్మి టిక్ పెట్టావంటే నీ హాల్‌టికెట్లూ రసీదులూ గంగలో కలుస్తాయి. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ చూసి, అన్ని జీబీలా అని భయపడి చేత్తో డిలీట్ చెయ్యబోకు. విండోస్ ప్రాణం అందులో ఉంది.

చేస్తున్న పనిని డిస్కు మీద దాచి సిస్టమ్‌ని ఆపే హైబర్నేషన్‌ని తీసేస్తే, డిస్కులో ర్యామ్ సైజులో సుమారు 40 శాతం అంత జాగా మిగులుతుందని చెబుతారు, నిజమే. కానీ వేసవిలో మీ వీధిలో కరెంటు పోయి, ఆ పాత బ్యాటరీ చివరికొచ్చినప్పుడు నువ్వు తెరిచి పెట్టుకున్న రికార్డు పనిని కాపాడేది అదే. ఉంచుకో. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే పేజ్ ఫైల్‌ని ఆపమనే మాట అసలు వినకు, 8 జీబీలో అది లేకపోతే బ్రౌజర్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. సర్వీసుల్లో అప్‌డేట్, డిఫెండర్, నా పాత మిత్రుడు స్పూలర్, ఈ మూడింటి జోలికీ పోవద్దు.

తెలుగు గురించి ఒక్క ముక్క. ఇప్పుడు విండోస్‌తో వచ్చే తెలుగు ఫాంటు నిర్మల. మీ నాన్న దగ్గరున్న పాత వర్డ్ ఫైళ్ళు గౌతమిలోనో వాణిలోనో ఉండి ఉంటాయి, అవి కొత్త విండోస్‌లో తమంతట రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది వేసుకుంటే పేజీలు చెదరకుండా పాత రూపంలోనే కనిపిస్తాయి. బరువు దించుకునే రోజున ఒకటి ఎక్కించమంటున్నాడేమిటి మామయ్య అనుకోకు, ఆయన ఆ ఫైలు తెరిచేది ఈ ల్యాప్‌టాప్‌లోనే కదా.

ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు ఫోటో పంపు. లోపల ఎస్‌ఎస్‌డీ నేరుగా గుచ్చే ఎమ్.2 స్లాట్ ఉందో, పాత డిస్కు చోటే దిక్కో చూసి చెబుతాను. పాత డిస్కు తీశాక చెరపకు, పాతసామాన్లవాడికి ఇవ్వకు. మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో నెలరోజులు ఉంచు. మీ అమ్మ ఎక్కడో దాచి మర్చిపోయిన ఫోటోల ఫోల్డర్ ఒకటి మూడో వారంలో గుర్తొస్తుంది, నాకు తెలుసు, అది నా చెల్లెలే.

ప్రేమతో,
మామయ్య