చేప మీద కోత పెట్టుకోండి, బిడ్డ చదువు పైసలు కదపకండి

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు. మా ఆయన మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. మొత్తం 120 మంది ఉన్నారు. చెరువు, రెండు కుంటలు కలిపి పోయిన ఏడు 40 టన్నుల చేప కిలో 90 రూపాయల చొప్పున అమ్ముడుపోయింది. ఖర్చులు పోను మా వాటా 24 వేలు వచ్చింది. ఇప్పుడు చేపపిల్లను మనమే పెంచుకుందాం, మంచి రకాలు వేసి చూద్దాం అని సంఘంలో నిధి పెడుతున్నారు. ఇంటికి 25 వేలు ఒకేసారి కట్టాలని కొందరు, కిలోకు 3 రూపాయలు కోసుకుందామని కొందరు అంటున్నారు. బిడ్డ నర్సింగ్ ఫీజుకు దాచిన లక్షా 60 వేలు బ్యాంకులో ఉన్నాయి. అందులోంచి ఇవ్వాలా, మహిళా సంఘంలో లోన్ తీసి కట్టాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. కానీ నిధి ఆలోచన మాత్రం చాలా మంచిది, దాన్ని వదులుకోవద్దని మీ ఆయనకు చెప్పండి. వలకు, పడవకు డబ్బు ఎలా అని అడిగేవాళ్లే ఇన్నాళ్లూ నాకు ఉత్తరాలు రాశారు. చెరువు దిగుబడి పెంచుకోవడానికి మేమే డబ్బు పోగుచేసుకుంటాం అన్న మాట మీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. సంతోషం వేసింది.

ముందు లెక్క చూద్దాం. 25 వేలంటే మీకు ఏడాదంతా చెరువు మీద వచ్చిన దానికంటే ఎక్కువ. 120 ఇళ్ల నుంచి 30 లక్షలు పోగవుతాయి. ఇంతవరకు ఒక్క చేపపిల్లల చెరువు కూడా నడపని సంఘం చేతిలో ఒకేసారి అంత డబ్బు పెట్టడం నాకు భయంగా ఉంది. మొదటి ఏడాదే చేపపిల్ల చచ్చిపోతే ఆ నష్టం నేరుగా మీ బిడ్డ ఫీజు మీద పడుతుంది. లోన్ తీసి కడితే నిధి పని చేసినా చేయకపోయినా నెలనెలా కిస్తీ కట్టక తప్పదు.

కిలోకు 3 రూపాయల దారి నయం. 40 వేల కిలోలకు 1 లక్షా 20 వేలు వస్తుంది, ఇంటికి వెయ్యి పడుతుంది. నేనైతే దీన్ని కూడా కొంచెం మారుస్తాను. కిలో లెక్క కాకుండా అమ్మకంలో 3 శాతం పెట్టుకోండి. 36 లక్షలకు 1 లక్షా 8 వేలు అవుతుంది, ఇంటికి 900. రేపు ధర 70కి పడిపోయిందనుకోండి, కిలో లెక్కన అదే 1 లక్షా 20 వేలు కోస్తారు. శాతం లెక్కన 84 వేలే పోతుంది. ధర పడిన ఏడు కోత కూడా తగ్గాలి కదా.

ఆస్ట్రేలియాలో చేపల పరిశోధన, అభివృద్ధి సంస్థ 1991 నుంచి ఇలాంటి పద్ధతి మీదే నడుస్తోంది. అక్కడి ప్రభుత్వం చేపల ఉత్పత్తి విలువలో 0.5 శాతం తనంతట తాను ఇస్తుంది. పరిశ్రమ ఇచ్చే డబ్బుకు సమానంగా మరో 0.25 శాతం వరకు కలుపుతుంది. మనకు అలాంటి ఏర్పాటు లేకపోయినా, ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన ఫలితం అందుబాటులో ఉంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే వాళ్లతో కలిసి తయారుచేసిన జయంతి రోహు అలాంటిదే. తరతరానికి సగటున 17 శాతం చొప్పున పెరుగుదల వచ్చేలా ఎంపిక చేసిన రకం అది. అంత పని మీ సంఘం చేయలేదు, చేయనక్కర్లేదు. ఏ చేపపిల్ల మీ నీళ్లలో ఎంత పెరుగుతుందో మాత్రం మీరే తేల్చుకోవాలి.

రెండు కుంటలున్నాయి కాబట్టి ఒకదాంట్లో ఎప్పుడూ వేసే పిల్లను, రెండోదాంట్లో అరచేతి పొడుగు వచ్చేదాకా పెంచిన పిల్లను వేయండి. చిన్న పిల్లను కొర్రమీను, వాలుగ మింగేస్తాయి. కొర్రమీను మన రాష్ట్ర చేపే అయినా ఈ విషయంలో మనకు నష్టమే. ఏ తేదీన ఎన్ని వేశారు, నెలకోసారి ఇరవై చేపలు తూచితే ఎంత వచ్చింది, చివరికి ఎన్ని చేతికొచ్చాయి అన్నది నోట్‌బుక్‌లో రాయండి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి ముందే మాట్లాడి పెట్టుకోండి. రెండేళ్లు రాస్తే ఏ పిల్ల కొనాలో అంచనా మీద కాకుండా లెక్క మీద చెప్పగలుగుతారు.

నిధిలో సగం దీనికి వాడి, సగం దాచండి. ఏటా 54 వేలు, నాలుగేళ్లకు 2 లక్షలా 16 వేలు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేపపిల్లల పెంపకం చెరువుకు హెక్టారుకు 7 లక్షలు ఖర్చవుతుందని లెక్కకట్టారు. అర హెక్టారుకు మూడున్నర లక్షలు. సబ్సిడీ 40 శాతం పోతే మీ వంతు 2 లక్షలా 10 వేలు, దాచిన డబ్బుతో సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీ, మహిళలకైతే సబ్సిడీ 60 శాతం. ఆ పథకాన్ని 2025-26 దాకా పొడిగించారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్య శాఖ కార్యాలయంలో అడగకుండా తట్ట మట్టి కూడా తీయించకండి. సబ్సిడీ వస్తుందన్న ధీమాతో నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే, ఏడాదికి 24 శాతం అవుతుంది.

మీ ఆయనకు వలకో మేతకో డబ్బు కావాలంటే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2018-19 నుంచి మత్స్యకారులకూ ఇస్తున్నారు. 2 లక్షల దాకా మిత్తి 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోయి 4 పడుతుంది. దళారి బయానా తీసుకుని అతను చెప్పిన ధరకే చేప ఇచ్చే బాధ తప్పుతుంది.

మహాజన సభలో మీ ఆయన మూడు మాటలు రాయించమని పట్టుబట్టాలి. నిధికి విడిగా ఖాతా ఉండాలి, చెక్కు మీద ఇద్దరి సంతకం పడాలి. అందులోంచి ఎవరికీ చేబదులు ఇవ్వకూడదు. పట్టు అయిపోగానే లెక్క చదివి వినిపించాలి. వీటికి ఒప్పుకోకపోతే 900 కూడా ఇవ్వకండి.

లక్షా 60 వేలను కాలేజీ ఫీజు తేదీలకు తగ్గట్టు రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టి, బిడ్డ పేరును నామినీగా పెట్టి రండి.