ఎమ్మెస్సా, పీహెచ్‌డీయా?

బరంపురం

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. పర్లాకిమిడిలో బీటెక్ ముగుస్తోంది, ఎమ్మెస్ రీసెర్చ్‌లో (పరిశోధన చేసి థీసిస్ రాసే మాస్టర్స్) చేరాలా, నేరుగా పీహెచ్‌డీకే వెళ్లాలా అని అడిగావు. మీ నాన్న ‘ఏది పెద్దది’ అంటున్నాడట. అలా తూస్తే తేలదమ్మా.

మహేంద్రతనయ నది నీటిలో నైట్రేట్ సంగతి తీసుకున్నావనుకో. పది రేవుల్లో ఏడాదిపాటు నెలనెలా నీళ్లు పట్టి, తెలిసిన పద్ధతిలోనే తప్పు లేకుండా కొలిచి, ఎక్కడ ఎందుకు పెరిగిందో చెబితే ఎమ్మెస్‌కి సరిపోతుంది. నీకు పరిశోధన చేయడం వచ్చిందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. ప్రశ్న చాలాసార్లు గైడే ఇస్తారు. పీహెచ్‌డీకి ఆ కొలతలు మొదటి మెట్టు మాత్రమే. ఆ నైట్రేట్ ఏ దారిన నదిలో కలుస్తోందో ఇంతవరకు ఎవరూ తేల్చనిది తేల్చాలి, అది వేరే నదులకూ పనికిరావాలి. బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదివి సరే అనాలి.

చెడేది ఇక్కడే. రెండు మూడేళ్ల ఎమ్మెస్‌కి పీహెచ్‌డీ అంత ప్రశ్న ఎత్తుకుంటారు. ఒక్క వానాకాలం నమూనాలు తప్పాయా, ఏడాది పోయినట్టే. పీహెచ్‌డీ వాళ్లది ఇంకో తంటా: ప్రశ్న లేకుండానే మూడేళ్లు కొలతలు పోగేస్తారు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. పీహెచ్‌డీ పూర్తికి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండు, ఆడపిల్లలకు ఆపైన మరో రెండు. కోర్స్‌వర్క్, అంటే మొదట్లో చదివే పాఠాలు, 12 క్రెడిట్లకు తగ్గదు, అందులో 55 శాతం రావాలి. పీహెచ్‌డీకి ముందు చేసే ఎంఫిల్ డిగ్రీ తీసేశారు కాబట్టి ‘ముందు అది చెయ్యి’ అనేవాళ్ల మాట వినకు. ఓబీసీ కింద ఐదు శాతం సడలింపు అడగాలంటే మన కులం కేంద్ర జాబితాలో ఒడిశా కింద ఉందో లేదో చూసుకో. ఆంధ్ర కింద ఉంటే సరిపోదు, మనలాంటి సరిహద్దు వాళ్లు తరచు చిక్కుకునేది అక్కడే.

గైడ్‌ని రెండు అడుగు: రిటైర్మెంట్‌కి ఎన్నేళ్లుంది, ఇప్పుడు ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు. మూడేళ్లకంటే తక్కువ సర్వీసున్నవారు కొత్తవాళ్లని తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురే.

నీకంటూ ప్రశ్న ఇంకా లేకపోతే ఎమ్మెస్సే మేలంటాను. కొన్ని ఐఐటీల్లో మధ్యలో పీహెచ్‌డీకి మారవచ్చు, ఆ షరతులు చేరేముందే చదువుకో. ఈలోగా మన దేశపు థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో నీ సబ్జెక్టు పీహెచ్‌డీ థీసిస్ ఒకటి తీసి, చివరి అధ్యాయం చదివి నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య